పరమాణువుకు ముందే రాసిపెట్టి ఉందా?



మన పిల్లలు వారం వారం రాసే టెస్టుల్లో ప్రశ్న కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి. ఒకటి రైటు, మూడు తప్పు. ఈ నెల మీ ముందు కూడా అలాంటి ప్రశ్న ఒకటి పెడుతున్నాం. మీ అబ్బాయి లేదా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ప్రశ్న: ఒక రాతిలో రెండు యురేనియం పరమాణువులు పక్కపక్కనే ఉన్నాయి. ఎలా కొలిచి చూసినా వాటి మధ్య ఏ తేడా కనిపించదు. ఒకటి ఈ క్షణంలో విఘటనం చెందింది. రెండోది కోట్ల ఏళ్లు అలాగే ఉండిపోయింది. ఎందుకు?

ఎ) ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. అది పూర్తిగా యాదృచ్ఛికం.
బి) కారణం ఉంది. అది మన కొలతలకు అందని చోట దాగి ఉంది.
సి) విఘటనం జరగడం, జరగకపోవడం రెండూ నిజమే. మనం ఉన్న శాఖలో ఒకటే కనిపించింది.
డి) విశ్వం మొదలైనప్పుడే అంతా నిర్ణయమైపోయింది. మనం ఏ ప్రయోగం చేస్తామన్నది కూడా.

ఈ ప్రశ్నకు 'కీ' లేదు. నాలుగు ఆప్షన్లలో ప్రతిదాన్నీ సమర్థించే పేరున్న భౌతిక శాస్త్రవేత్తలు ఉన్నారు. వందేళ్లుగా ఈ చర్చ నడుస్తోంది.

ఇది పెద్ద చదువుల వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో 'పరమాణు నిర్మాణం' పాఠం ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమం వస్తుంది. ఆ పాఠం విన్న పిల్లలు ఇంటికొచ్చి, "ఎలక్ట్రాన్ ఎక్కడుందో కచ్చితంగా చెప్పలేమట. అంటే సైన్స్‌కి కూడా తెలియదా?" అని అడుగుతారు. ఇంకొంచెం ఆలోచించే పిల్లలైతే, "మరి మన జీవితం ముందే రాసిపెట్టి ఉందంటారు కదా, అది నిజమా కాదా?" అని కూడా అడుగుతారు. అప్పుడు మీ దగ్గర ఒక నిజాయితీ గల జవాబు ఉండాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రహణం, టాస్, పరమాణువు

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో గ్రహణాల గురించి వింటాం. ఏ రోజు, ఏ గంటకు పట్టు, ఏ గంటకు విడుపు అన్నది ముందే లెక్కగట్టి ఉంటుంది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఇప్పుడు ఎక్కడున్నాయో, ఎంత వేగంతో కదులుతున్నాయో తెలిస్తే రేపు ఎక్కడుంటాయో చెప్పవచ్చు. ఇప్పటి స్థితే రేపటి స్థితిని పూర్తిగా నిర్ణయిస్తుందన్న ఈ అభిప్రాయాన్ని నియతివాదం అంటారు. 1814లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ దీన్ని చివరిదాకా తీసుకెళ్లాడు. విశ్వంలోని ప్రతి కణం స్థితీ, దానిపై పనిచేసే బలాలూ తెలిసిన ఒక మేధ ఉంటే, దానికి భవిష్యత్తులో తెలియనిది ఏదీ ఉండదన్నాడు.

ఇప్పుడు క్రికెట్ మ్యాచ్ టాస్ తీసుకోండి. బొమ్మా బొరుసా ముందే చెప్పలేం. కానీ ఇక్కడ నాణెం తప్పేమీ లేదు. వేలు ఎంత బలంగా కొట్టింది, నాణెం ఎన్నిసార్లు తిరిగింది, గాలి ఎటు వీచింది అన్నవి మనకు తెలియవు. అవన్నీ కొలవగలిగితే టాస్ కూడా గ్రహణంలాగే లెక్కకు అందుతుంది. అంటే టాస్‌లో ఉన్న అదృష్టం మన అజ్ఞానానికి మరో పేరు.

పరమాణువు దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. 1925లో హైసెన్‌బర్గ్, 1926లో ష్రోడింగర్ కొత్త గణితాన్ని ఇచ్చారు. ఆ గణితం ఏం చెబుతోందో 1926లోనే మాక్స్ బోర్న్ వివరించాడు. కణం ఎక్కడ దొరుకుతుందో అది చెప్పదు. ఫలానా చోట దొరికే సంభావ్యత ఎంతో మాత్రమే చెబుతుంది. ఇది టాస్ లాంటి అజ్ఞానమా, లేక ప్రకృతి స్వభావమే అంతా? మన నాలుగు ఆప్షన్లు పుట్టింది ఈ ప్రశ్న దగ్గరే.

టిఫిన్ బాక్సులో, గుట్ట మీద, గనిలో

ఈ యాదృచ్ఛికతను చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మీరు పిల్లల టిఫిన్ బాక్సులో పెట్టే అరటిపండులో పొటాషియం ఉంటుంది. అందులో చాలా కొద్ది భాగం పొటాషియం-40 అనే రేడియోధార్మిక రూపం. ఒక మాదిరి అరటిపండులో సెకనుకు సుమారు 15 పొటాషియం పరమాణువులు విఘటనం చెందుతాయి. కంగారు పడకండి. మన ఒంట్లోనే ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, పెద్దవాళ్లలో సెకనుకు 4,000కు పైగా జరుగుతుంటాయి. మనిషి పుట్టినప్పటి నుంచీ ఇది ఇంతే, దీనివల్ల భయం లేదు.

ఆ పండులో తర్వాత ఏ పరమాణువు వంతు వస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ నిమిషానికి ఎన్ని జరుగుతాయంటే, సుమారు 900 అని చెప్పవచ్చు. అంతేకాదు, నిమిషం నిమిషానికీ ఆ సంఖ్య ఎంత ఊగుతుందో కూడా చెప్పవచ్చు. 900కు వర్గమూలం 30. కాబట్టి చాలా నిమిషాల్లో లెక్క 870కి, 930కి మధ్య ఉంటుంది. అదృష్టమంటే అడ్డూ అదుపూ లేనిదని మనం అనుకుంటాం. పరమాణువుల అదృష్టానికి మాత్రం కచ్చితమైన లెక్క ఉంది.

ఆ లెక్క ఎంత నమ్మదగినదో మన ప్రాంతపు రాళ్లే చెబుతాయి. జనగామ చుట్టుపక్కల కనిపించే గ్రానైట్ గుట్టలు తెలంగాణలోని చాలా గుట్టల్లాగే సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. ఆ వయసు ఎలా తెలిసింది? రాతిలోని జిర్కాన్ అనే చిన్న స్ఫటికాల్లో యురేనియం చిక్కుకుని ఉంటుంది. అది మెల్లగా సీసంగా మారుతుంది. యురేనియం-238 అర్ధ జీవితకాలం దాదాపు 447 కోట్ల సంవత్సరాలు. అంటే అంత కాలంలో సగం పరమాణువులు మారిపోతాయి. 250 కోట్ల ఏళ్లలో దాదాపు మూడో వంతు మారతాయి. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం పుట్టింది అని కొలిస్తే రాతి వయసు వస్తుంది. ఒక్కో పరమాణువుకు వేళాపాళా లేదు, కానీ అన్నీ కలిస్తే గడియారం.

భూపాలపల్లి సింగరేణి గనుల్లోని బొగ్గు ఇదే కథను ఇంకోలా చెబుతుంది. అది ఒకప్పటి అడవి. బతికున్న ప్రతి చెట్టులో కొంచెం కార్బన్-14 ఉంటుంది. దాని అర్ధ జీవితకాలం 5,730 సంవత్సరాలే. చెట్టు చచ్చిపోయాక కొత్త కార్బన్-14 లోపలికి రాదు, ఉన్నది తగ్గుతూ పోతుంది. పది అర్ధ జీవితకాలాలు, అంటే 57,300 ఏళ్లు గడిస్తే వెయ్యిలో ఒక వంతు కూడా మిగలదు. మన బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైనే. అందుకే దాని వయసు కార్బన్-14తో చెప్పలేం. ఆ చెట్లలో నాడున్న కార్బన్-14లో మనం కొలవగలిగినంత ఏదీ మిగల్లేదు.

ఇంట్లో చేసి చూడండి: వంద చింతపిక్కలు

అష్టాచెమ్మా ఆడటానికి ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటివి వంద తయారు చేయండి. అంత ఓపిక లేకపోతే వంద రూపాయి నాణేలైనా సరే.

1. అన్నీ ఒక చేటలో వేసి బాగా కదిపి నేల మీద పోయండి. తెల్ల వైపు పైకి పడ్డవాటిని తీసేయండి. మిగిలినవి లెక్కపెట్టి రాయండి.

2. మిగిలినవాటితో మళ్లీ అదే పని చేయండి. పిక్కలన్నీ అయిపోయే దాకా కొనసాగించండి.

3. ఎన్నోసారి ఎన్ని మిగిలాయో గ్రాఫ్ గీయమని పిల్లలకు చెప్పండి.

నాణేలైతే 100, సుమారు 50, సుమారు 25, సుమారు 12 ఇలా తగ్గుతాయి. చింతపిక్కలు సరిగ్గా సగం సగం పడకపోవచ్చు, వాటి వాటా ఎంతో పిల్లలే కనిపెట్టాలి. మొదలుపెట్టే ముందు ఒక పిక్క మీద చిన్న గుర్తు పెట్టి, అది ఎన్నో విడతలో బయటికి వస్తుందో ఇంట్లో అందరూ పందెం వేయండి. గ్రాఫ్ ఎలా వస్తుందో అందరూ ముందే చెప్పగలరు. గుర్తు పెట్టిన పిక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. రేడియోధార్మికత పాఠంలోని అర్ధ జీవితకాలం ఇదే.

క్లాసులో ఒక ప్రశ్న, తెల్లారేసరికి ఒక సిద్ధాంతం

అదృష్టాన్ని కొలవడం గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక తెలుగు మనిషి పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్.రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో, ఆ తర్వాత విశాఖపట్నంలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశారు. తర్వాత కలకత్తా వెళ్లి గణాంక శాస్త్రం చదివారు.

1944లో ఆయన కలకత్తాలో పాఠం చెబుతున్నారు. అప్పుడాయన వయసు 24 ఏళ్లు. పెద్ద సంఖ్యలో నమూనాలు ఉన్నప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో బోర్డు మీద వివరిస్తుంటే, వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనాలు కొన్నే ఉంటే ఇలాంటి ఫలితం రాబట్టగలమా అని అడిగాడు. ఈ దండేకరే తర్వాత పేరుపొందిన ఆర్థికవేత్త అయ్యారు. రావుగారి దగ్గర అప్పటికి జవాబు లేదు. ఆ రాత్రంతా దాని మీదే కూర్చుని, మర్నాడు క్లాసులో జవాబు చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితానికి స్వీడన్ గణితవేత్త క్రామెర్ పేరు కూడా కలిపి 'క్రామెర్–రావు అసమానత' అంటారు.

అది చెప్పేది ఏమిటో మహబూబాబాద్ మిర్చి మార్కెట్‌తో పోల్చి చూద్దాం. వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి రంగు, తేమ చూసి ధర కడతాడు. గుప్పెడు చూసి మొత్తం బస్తా గురించి అంచనా వేస్తున్నాడు కాబట్టి కొంత పొరపాటు తప్పదు. నాలుగు రెట్లు కాయలు చూస్తే పొరపాటు సగానికి తగ్గుతుంది. మన దగ్గరున్న సమాచారం ఇంత అయితే, ఎంత తెలివైనవాడికైనా పొరపాటు ఇంతకంటే తగ్గదు అన్న హద్దును గణితంలో చూపించేదే రావుగారి అసమానత.

ఇది కేవలం మార్కెట్ లెక్క కాదు. ఈ రకం అసమానత నుంచే హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమాన్ని రాబట్టవచ్చని తర్వాతి గణితవేత్తలు చూపించారు. 1967లో కార్ల్ హెల్‌స్ట్రామ్ దీనికి క్వాంటం రూపం ఇచ్చాడు. పరమాణు గడియారాలు ఎంత కచ్చితంగా నడవగలవు, క్వాంటం సెన్సర్లు ఎంత సూక్ష్మమైన మార్పును పట్టగలవు అని లెక్కగట్టేవాళ్లు ఈనాడు 'క్వాంటం క్రామెర్–రావు హద్దు' అనే మాట రోజూ వాడతారు. రావుగారికి 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో ఒక గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్ర సంస్థ ఉంది.

అయితే మిర్చి బస్తాకు, పరమాణువుకు ఒక పెద్ద తేడా ఉంది. బస్తా మొత్తం కుమ్మరించి ప్రతి కాయా చూస్తే అంచనాతో పనే లేదు, పొరపాటూ ఉండదు. పరమాణువును ఎంత కుమ్మరించి చూసినా అనిశ్చితి పోదు. లోపల మనం చూడని కాయలు ఇంకా ఉన్నాయా, లేక అసలు లోపల కాయలే లేవా?

శకుని పాచికలు ఉన్నాయా?

1926లో మాక్స్ బోర్న్‌కు రాసిన ఉత్తరంలో ఐన్‌స్టీన్, దేవుడు పాచికలాడతాడంటే తాను నమ్మనన్నాడు. మహాభారతం తెలిసిన మనకు ఈ మాట ఇంకాస్త బాగా అర్థమవుతుంది. శకుని పాచికలు చూసేవాళ్లకు మామూలు పాచికలే. ఏ పందెం పడుతుందో శకునికి ముందే తెలుసు. పరమాణువు కూడా పైకి యాదృచ్ఛికంగా కనిపిస్తున్నా, లోపల ముందే నిర్ణయమైన సంగతి ఏదో ఉండాలని, క్వాంటం సిద్ధాంతం అది చెప్పడం లేదు కాబట్టి అసంపూర్ణమని ఐన్‌స్టీన్ వాదన. 1935లో ఇద్దరు సహచరులతో కలిసి దీని మీద ఒక ప్రసిద్ధ పత్రం రాశాడు.

దాదాపు ముప్ఫై ఏళ్లు ఇది ఎవరి నమ్మకం వారిది అన్నట్టే ఉండిపోయింది. 1964లో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన జాన్ బెల్, దీన్ని ప్రయోగంతో తేల్చవచ్చని చూపించాడు. ఆయన తర్కాన్ని మన మూడు ఊళ్లతో ఒక ఆటగా చెప్పుకుందాం.

మహబూబాబాద్ నుంచి ఇద్దరు విద్యార్థులు బయల్దేరారు. ఒకరు జనగామ సెంటర్‌కు, ఇంకొకరు భూపాలపల్లి సెంటర్‌కు. ప్రతి సెంటర్‌లో మూడు ప్రశ్నలున్నాయి. ఇన్విజిలేటర్ చీటీ తీసి మూడింట్లో ఒకటే అడుగుతాడు. జవాబు 'అవును' లేదా 'కాదు' మాత్రమే. సెంటర్ల మధ్య ఫోన్లు లేవు. ఈ ఆట వేలసార్లు ఆడించారు. రెండు చోట్లా ఒకే ప్రశ్న పడిన ప్రతిసారీ ఇద్దరి జవాబూ ఒకటే వచ్చింది.

మీకేమనిపిస్తుంది? బయల్దేరే ముందే మాట్లాడుకుని, మూడు ప్రశ్నలకూ జవాబులు చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారని అనుమానిస్తారు. సహజమే. ఇప్పుడు ఇద్దరికీ వేర్వేరు ప్రశ్నలు పడిన సందర్భాలు మాత్రమే చూడండి. చీటీలో మూడు జవాబులున్నాయి, రాయగలిగిన మాటలు రెండే. కాబట్టి కనీసం రెండు జవాబులు ఒకటే అయి తీరాలి. ఉదాహరణకు 'అవును, అవును, కాదు' అని రాసుకుంటే, 1-2, 2-3, 1-3 అనే మూడు జతల్లో ఒక జత కలుస్తుంది. మూడూ ఒకటే రాసుకుంటే అన్ని జతలూ కలుస్తాయి. అంటే చీటీ ఎలా రాసుకున్నా, వేర్వేరు ప్రశ్నలు పడిన 300 సార్లలో సుమారు 100 సార్లైనా జవాబులు కలవాలి.

విద్యార్థుల బదులు జంటగా పుట్టిన రెండు కాంతి కణాలను పంపి, మూడు ప్రశ్నల బదులు 120 డిగ్రీల తేడాతో మూడు కోణాల్లో కొలిస్తే, క్వాంటం సిద్ధాంతం ప్రకారం 300కు 75 సార్లే కలవాలి. చీటీ ఉంటే 75 రాదు. ఈ తేడానే ప్రయోగానికి పెట్టారు.

అమెరికాలో జాన్ క్లౌజర్ 1972లో, ఫ్రాన్స్‌లో అలెన్ ఆస్పెక్ట్ 1982లో ఇదే తర్కంతో, కోణాలు కొద్దిగా మార్చి ప్రయోగాలు చేశారు. క్వాంటం లెక్కే నెగ్గింది. కణాలు ఒకదానికొకటి సైగ చేసుకుంటున్నాయేమో, పరికరాలు కొన్ని కణాలనే పట్టుకుని మోసపోతున్నాయేమో అన్న అనుమానాలను కూడా 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, 1.3 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాలతో తీర్చేశారు. 2017లో చైనా ఉపగ్రహం ద్వారా 1,200 కిలోమీటర్ల దూరంలోనూ ఇదే ఫలితం వచ్చింది. క్లౌజర్, ఆస్పెక్ట్, ఆంటన్ జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఒక్క జాగ్రత్త. దీనితో జనగామ నుంచి భూపాలపల్లికి క్షణంలో కబురు పంపలేం. ఏ సెంటర్‌లో కూర్చుని చూసినా జవాబులు సగం 'అవును', సగం 'కాదు'గా, గందరగోళంగానే కనిపిస్తాయి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే సంబంధం బయటపడుతుంది.

మళ్లీ మన నాలుగు ఆప్షన్లు

శకుని పాచికలు లేవని తేలిపోయినట్టేనా? సరిగ్గా చెప్పాలంటే, జేబులో చీటీలాంటి మామూలు శకుని పాచికలు లేవని తేలింది. బెల్ తర్కంలో కొన్ని నమ్మకాలున్నాయి. ప్రతి జవాబూ ముందే రాసి ఉంది. అక్కడి సంగతి ఇక్కడికి కాంతి కంటే వేగంగా చేరదు. ప్రశ్న ఎంపికకు, చీటీకి సంబంధం లేదు. ప్రతి ప్రశ్నకు ఒకే జవాబు వస్తుంది. ప్రయోగ ఫలితం చూశాక వీటిలో కనీసం ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకుంటారన్న దాన్ని బట్టి ఆప్షన్ మారుతుంది.

ఆప్షన్ ఎ, నీల్స్ బోర్, హైసెన్‌బర్గ్‌ల దారి. దీన్ని కోపెన్‌హాగెన్ వ్యాఖ్యానం అంటారు. జవాబు ముందే రాసి లేదు, కొలిచినప్పుడే పుడుతుంది. యాదృచ్ఛికత ప్రకృతి స్వభావం.

ఆప్షన్ బి, 1952లో డేవిడ్ బోమ్ చూపిన దారి. కణానికి ఎప్పుడూ ఒక కచ్చితమైన స్థానం ఉంటుంది, ఒక తరంగం దాన్ని నడిపిస్తుంది. అంతా ముందే నిర్ణయం. కానీ ఇక్కడి కొలత అక్కడి కణాన్ని దూరంతో నిమిత్తం లేకుండా తాకుతుందని ఒప్పుకోవాలి.

ఆప్షన్ సి, 1957లో హ్యూ ఎవరెట్ చెప్పింది. సాధ్యమైన ఫలితాలన్నీ జరుగుతాయి, ఒక్కో శాఖలో ఒక్కోటి. మొత్తంగా చూస్తే అదృష్టానికి తావు లేదు. ఒక శాఖలో ఉన్న మనకు మాత్రం అదృష్టంలా కనిపిస్తుంది.

ఆప్షన్ డి, నోబెల్ గ్రహీత గెరార్డ్ ట హూఫ్ట్ వంటి కొద్దిమంది సమర్థించేది. ఇన్విజిలేటర్ ఏ చీటీ తీస్తాడన్నది కూడా మొదటి నుంచీ నిర్ణయమైపోయిందంటుంది.

ఇప్పటివరకు జరిగిన ప్రయోగాలు ఈ నాలుగింటి మధ్య తీర్పు చెప్పలేదు. 2025లో నేచర్ పత్రిక వెయ్యి మందికి పైగా భౌతిక శాస్త్రవేత్తలను అడిగితే కోపెన్‌హాగెన్ వైపు మొగ్గినవారు సుమారు 36 శాతం. అది అన్నిటికంటే ఎక్కువ వాటాయే, అయినా సగానికి తక్కువ. విచిత్రం ఏమిటంటే, వీళ్లందరూ ఒకే సమీకరణాలు వాడతారు, ఒకే లెక్క తేలుస్తారు. మీ చేతిలోని ఫోన్ చిప్ ఆ లెక్కల మీదే పనిచేస్తుంది. లెక్క దగ్గర గొడవ లేదు. ఆ లెక్కకు అర్థం ఏమిటన్న దగ్గరే గొడవ.

'క్వాంటం' పేరుతో మీ ఇంటికొచ్చేవి

ఈ మధ్య 'క్వాంటం' అన్న మాట ప్రకటనల్లో ఎక్కువైంది. క్వాంటం లాకెట్, క్వాంటం హీలింగ్, క్వాంటం మెమొరీ కోర్సు. ఎలక్ట్రాన్‌ను చూస్తే మారుతుంది కాబట్టి, గట్టిగా అనుకుంటే మీ పిల్లల ర్యాంకు కూడా మారుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. పైన చదివిన నాలుగు ఆప్షన్లలో ఏ ఒక్కటీ అలా చెప్పదు. కోరుకున్న ఫలితాన్ని ఎంచుకునే శక్తిని క్వాంటం సిద్ధాంతం ఎవరికీ ఇవ్వలేదు. 2021లో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ అక్కడ అమ్ముతున్న ఇలాంటి కొన్ని లాకెట్లను, బ్రాస్‌లెట్లను పరీక్షించి, వాటిలో రేడియోధార్మిక పదార్థం ఉందని, ఒంటి మీద పెట్టుకోవద్దని హెచ్చరించింది. వాటిలో పిల్లల బ్రాస్‌లెట్ కూడా ఉంది.

అసలైన క్వాంటం పని వేరే చోట జరుగుతోంది. 2022 ఫిబ్రవరిలో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ శాస్త్రవేత్తలు ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య క్వాంటం పద్ధతిలో రహస్య సంకేతాల తాళం పంపి చూపించారు. దూరం 100 కిలోమీటర్లకు పైనే, ఇంచుమించు జనగామకూ భూపాలపల్లికీ ఉన్నంత. 2023లో కేంద్ర ప్రభుత్వం సుమారు 6,003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే నాటికి ఈ రంగంలో అవకాశాలు ఉంటాయి. దానికి కావలసింది గణితం, ముఖ్యంగా సంభావ్యత, మాత్రికలు. లాకెట్ కాదు.

పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

"సైన్స్‌కి తెలియదా?" అని అడిగితే ఇలా చెప్పండి: ఎలక్ట్రాన్ ఎక్కడ దొరుకుతుందో ఎంత అవకాశం ఉందన్నది సైన్స్‌కు చాలా కచ్చితంగా తెలుసు. ఆ అవకాశం వెనక ఇంకేదైనా ఉందా అన్నది ఇంకా తేలలేదు. తెలిసిన దానికి, తేలని దానికి మధ్య గీత ఎక్కడుందో చెప్పగలగడమే సైన్స్.

"మన జీవితం ముందే రాసి ఉందా?" అని అడిగితే, క్వాంటం ఫిజిక్స్ దానికి అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు అని చెప్పండి. మీ ఇంటి నమ్మకం ఏదైనా అది మీది. దానికి ఫిజిక్స్‌ను సాక్ష్యంగా పిలవకండి. నమ్మకం లేకపోయినా అంతే.

ఒక మాట మాత్రం క్వాంటంతో సంబంధం లేకుండా, మామూలు గణాంకం నుంచి మీకే చెప్పాలి. ఒక్క వీక్లీ టెస్టు మార్కు మిర్చి బస్తాలోంచి తీసిన ఒక్క గుప్పెడు లాంటిది. అందులో పిల్లల చదువూ ఉంటుంది, ఆ రోజు వచ్చిన ప్రశ్నల అదృష్టమూ ఉంటుంది. నాలుగు మార్కులు తగ్గిన రోజున బిడ్డను కోప్పడటానికి ముందు, పెరిగిన రోజున పొగడటానికి ముందు, గత పది టెస్టులు పక్కపక్కన పెట్టి చూడండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో క్లాస్ టీచర్‌ను ఆ పది టెస్టుల గ్రాఫ్ చూపించమని అడగండి. మార్కులు నిజంగా తగ్గుతున్నాయా, లేక మామూలుగా ఊగుతున్నాయా అన్నది అందులో తెలుస్తుంది.

చింతపిక్కల ప్రయోగం చేసిన పిల్లలు తమ గ్రాఫ్‌ను సైన్స్ టీచర్‌కు చూపించవచ్చు. ఆ గ్రాఫ్ చూస్తూ వాళ్లు అడిగే ప్రశ్నకు టీచర్ దగ్గర వెంటనే జవాబు లేకపోతే, రేపు చెబుతానంటే చిన్నతనంగా భావించకండి. సి.ఆర్.రావు గారి సిద్ధాంతం అలాంటి ఒక 'రేపు' నుంచే వచ్చింది.

— భౌతికశాస్త్ర ఉపాధ్యాయ బృందం, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి శాఖలు